బొమ్మలో ఉన్నది ఎవరు? పాత పెయింటింగుల్లో, ప్రింట్లలో బైబిల్ మనుషుల్నీ కథల మనుషుల్నీ గుర్తుపట్టడం ఎలా

కొన్నేళ్ల కిందట ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారులో నాకొక విడి కాగితం దొరికింది. ఏదో పాత పుస్తకంలోంచి ఊడిపోయిన పేజీ. నల్ల గీతల బొమ్మ. ఒక కుర్రాడు, పక్కన రెక్కలున్న దేవదూత, కుర్రాడి చేతిలో పెద్ద చేప, కాళ్ల దగ్గర చిన్న కుక్క. కింద అక్షరాలు ఉండాల్సిన అంచును ఎవరో కత్తిరించేశారు. చేప ఉంది కాబట్టి యోనా అనుకున్నాను. కానీ చేప యోనాను మింగింది తప్ప, యోనా చేపను మోసుకెళ్లలేదు. పోనీ జాలరి కదా, పేతురేమో అనుకున్నాను. పేతురు మరీ ఇంత చిన్నపిల్లాడా? ఈ కుక్క ఎక్కడిది? ఆ కుర్రాడెవరో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ వెతుకులాటలో ఒక పద్ధతి చేతికొచ్చింది. ఆ వరసలోనే ఇక్కడ చెప్తాను. మీకు రెండు నెలలు పట్టక్కర్లేదు.

ముందు పేర్లు పక్కన పెట్టి, కనిపించేది రాయండి

ఒక కాగితం తీసుకోండి. బొమ్మ కింద పేరుంటే చేత్తో మూసేయండి. కళ్లకు కనిపించేది మాత్రమే రాయండి. "యేసు" అని రాయొద్దు. "గడ్డం ఉన్న మనిషి, చేతిలో లాంతరు, మూసి ఉన్న తలుపు తడుతున్నాడు" అని రాయండి. పేరు ముందే పెట్టేసుకుంటే ఆ పేరుకు సరిపోయేవే కనిపిస్తాయి, సరిపోనివి కంటి ముందే ఉన్నా కనిపించవు. నేను యోనా అనుకున్నంతసేపూ కుక్కను చూడనే లేదు.

ముఖం దగ్గర ఆగిపోకండి. 1600 ప్రాంతంలో రోములో కూర్చుని యూదితు అనే బైబిల్ స్త్రీ బొమ్మ వేసిన చిత్రకారుడికి ఆవిడ ఎలా ఉండేదో తెలియదు. తన వీధిలో అమ్మాయిని కూర్చోబెట్టి వేశాడు. చూసేవాళ్లు గుర్తుపట్టాలి కాబట్టి ఆవిడ చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టాడు. ఇది మనకు పుట్టినప్పటినుంచి అలవాటున్న సంగతే. వీణ ఉంటే సరస్వతి, పక్కన నెమలి ఉంటే కుమారస్వామి అని మూడేళ్ల పిల్లలు కూడా చెప్తారు. ఎవరూ ముఖం చూసి చెప్పరు. ఆ కన్నునే ఇక్కడా వాడండి.

చూసే వరస ఇలా పెట్టుకోండి: చేతులు, తర్వాత కాళ్ల దగ్గర, తర్వాత తల మీద, తర్వాత బొమ్మ మూలలు. మూలల్లోనే చాలాసార్లు అసలు సంగతి దాగి ఉంటుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1648 ప్రాంతంలో పూర్తిచేసిన ఒక ఎచింగ్ (లోహపు పలక మీది గీతల్ని ఆమ్లంతో తినిపించి అచ్చువేసే ప్రింట్) ఉంది, హండ్రెడ్ గిల్డర్ ప్రింట్ అంటారు. మధ్యలో యేసు, చుట్టూ రోగులు, పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు, ఒకవైపు వాదించుకుంటున్న పెద్దలు. కుడివైపు ద్వారం దగ్గర ఒక ఒంటె ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. మత్తయి సువార్త 19వ అధ్యాయం తెలిసినవాళ్లు ఆ ఒంటె దగ్గర ఆగిపోతారు. ధనవంతుడు దేవుని రాజ్యంలోకి వెళ్లడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలిక అన్న మాట ఆ అధ్యాయంలోదే. పిల్లలు, రోగులు, ధనవంతుడైన యువకుడు, అందరూ ఆ ఒక్క అధ్యాయంలోంచే వచ్చారు.

చేతిలో ఏముందో చూడండి

కొన్ని గుర్తులు కంఠతా పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. తాళపుచెవులు ఉంటే పేతురు. "పరలోకరాజ్యముయొక్క తాళపుచెవులు నీ కిచ్చెదను" అన్న మాట నుంచి వచ్చిన గుర్తది. కత్తి, పుస్తకం ఉంటే పౌలు. పరిమళద్రవ్యం బుడ్డి పట్టుకున్న స్త్రీ మగ్దలేనే మరియ. ఒంటెరోమాల బట్ట, సన్నని కర్రతో చేసిన సిలువ, పక్కన గొర్రెపిల్ల ఉంటే బాప్తిస్మమిచ్చు యోహాను. నలుగురు సువార్తికుల్లో మత్తయికి రెక్కల మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద. ముళ్లున్న చక్రం, అదీ విరిగినది, పక్కన ఉంటే అలెగ్జాండ్రియాకు చెందిన కేథరీన్. ఒంటి నిండా బాణాలు గుచ్చుకుని ఉన్న యువకుడు సెబాస్టియన్.

సింహం కనబడగానే తొందరపడి తేల్చేయొద్దు. రెక్కలుంటే మార్కుది. ముసలాయన రాసుకుంటుంటే పెంపుడు కుక్కలా పడుకుని ఉంటే అది బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన సెయింట్ జెరోముది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చేసిన ఎన్‌గ్రేవింగ్‌లో (లోహపు పలక మీద పనిముట్టుతో గీతలు చెక్కి వేసే ప్రింట్) ఆ సింహం గది ముందుభాగంలో కళ్లు సగం మూసుకుని ఉంటుంది, పక్కనే ఒక కుక్క నిద్రపోతుంటుంది. చుట్టూ చాలా సింహాలుండి మధ్యలో ప్రార్థన చేస్తున్నవాడు దానియేలు. సింహం నోరు చీలుస్తుంటే సంసోను కావచ్చు, హెర్క్యులిస్ కావచ్చు. పక్కన గద ఉందా అని చూడండి, ఉంటే హెర్క్యులిస్.

ఇక సాధన మీ ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో చాలాచోట్ల ప్రభువు రాత్రిభోజనం పటం ఉంటుంది. ఎక్కువ వాటికి మూలం లియొనార్డో డావిన్చి మిలాన్‌లో సాంటా మారియా దెల్లే గ్రాట్సియే మఠం భోజనశాల గోడ మీద 1495-98 ప్రాంతంలో వేసిన చిత్రం. తడి సున్నం మీద కాకుండా పొడి గోడ మీద వేయడంతో అది త్వరగానే పాడవడం మొదలైంది. 1800లో రఫాయేలో మోర్గెన్ చేసిన ఎన్‌గ్రేవింగ్ ఈ బొమ్మను చాలా ఇళ్లకు చేర్చింది. మన గోడల మీద ఉన్నవి అలా కాపీకి కాపీగా వచ్చిన బొమ్మలే.

ఆ పటం ముందు పది నిమిషాలు నిలబడండి. అందులో తలల వెనక వలయాలు లేవు, కాబట్టి చేతుల్నే చూడాలి. యేసుకు మనవైపు నుంచి ఎడమ పక్కన గడ్డం లేని కుర్రవాడు తల వాల్చి ఉన్నాడు, అతను యోహాను. అతని చెవి దగ్గరికి వంగి ఏదో అడుగుతున్న ముసలాయన పేతురు. పేతురు ఒక చెయ్యి వెనక్కి పోయింది, ఆ చేతిలో కత్తి ఉంది. అదే రాత్రి తోటలో మల్కు చెవి నరికేది ఆయనే కాబట్టి ఆ కత్తి. పేతురు ముందు, ముఖం మీద నీడ పడి, వెనక్కి జరిగినట్టున్న మనిషి పిడికిట్లో డబ్బు సంచి. అతను ఇస్కరియోతు యూదా. శిష్యుల డబ్బు సంచి అతని దగ్గరే ఉండేదని యోహాను సువార్త చెప్తుంది. కుడివైపు వేలు పైకెత్తినవాడు తోమా, తర్వాత యేసు గాయంలో పెట్టి చూస్తానన్న వేలది. "మీలో ఒకడు నన్ను అప్పగించును" అన్న మాట పడిన క్షణం ఇది. ఆ ఒక్క మాటకు పన్నెండు జతల చేతులు పన్నెండు రకాలుగా కదిలాయి. ఇంట్లో రోజూ చూసే పటంలో ఇంత ఉందని తెలిసినరోజు నేను కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చుండిపోయాను.

ఒకే వస్తువు ఇద్దరి దగ్గర ఉంటే

అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. ఒక స్త్రీ, ఆమె దగ్గర తెగిన మగవాడి తల. ఇది ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. శత్రు సేనాపతి హోలోఫెర్నెస్ తల నరికి తన ఊరిని కాపాడుకున్న యూదితు ఒకరు. నాట్యం చేసి, బాప్తిస్మమిచ్చు యోహాను తలను బహుమానంగా అడిగిన హేరోదియ కూతురు మరొకరు. ఈ రెండో ఆమెకు సువార్తల్లో పేరు లేదు, సలోమె అన్న పేరు చరిత్రకారుడు జోసెఫస్ రాతల నుంచి వచ్చింది. ఒకామె వీరనారి, ఇంకొకామె ఒక ప్రవక్త చావుకు కారణం. పొరబడితే బొమ్మ అర్థమే తలకిందులవుతుంది.

తేడా కథలోనే ఉంది. యూదితు తన చేత్తోనే నరికింది, అందుకే కత్తి. పక్కన పనిమనిషి, తల వేసుకుని వెళ్లడానికి సంచి. కారవాజ్జో 1599 ప్రాంతంలో వేసిన బొమ్మలో ఆ ముసలి పనిమనిషి సంచిలాంటి గుడ్డ పట్టుకుని కాచుకుని ఉంటుంది. ఆర్టెమీసియా జెంటిలెస్కి బొమ్మల్లో, అంటే నేపుల్స్‌లో ఒకటి, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఒకటి, పనిమనిషి కూడా పడుచుదే, చేతులు వేసి సేనాపతిని అదిమి పడుతుంది. సలోమె మాత్రం ఎవర్నీ నరకలేదు. తలను తలారి తెచ్చి ఇచ్చాడు, ఆమె చేతిలో ఉండేది పళ్లెం.

కత్తీ, పళ్లెమూ రెండూ ఉంటే? ఫాయెంజాలో ఫ్రాంచెస్కో మఫ్ఫెయి వేసిన 17వ శతాబ్దపు పెయింటింగ్ అలాంటిదే. సలోమె అని దానికి పేరు పడింది. కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1939లో దీన్ని ఇలా తేల్చాడు: యూదితు చేతికి పళ్లెం ఇచ్చిన బొమ్మలు జర్మనీలో, ఉత్తర ఇటలీలో వేరేవి ఉన్నాయి, సలోమె చేతికి కత్తి ఇచ్చిన బొమ్మలు మాత్రం కనబడవు. కాబట్టి ఇది యూదితే. మీరు నేర్చుకోవాల్సిన పని ఇదే. ఒక్క బొమ్మనే పట్టుకుని వాదించుకోకుండా, అదే కాలంలో అదే ప్రాంతంలో మిగతావాళ్లు ఎలా వేశారో పది బొమ్మలు పక్కన పెట్టి చూడండి.

స్నానం చేస్తున్న స్త్రీ విషయంలోనూ ఇంతే. చాటునుంచి చూస్తున్న ఇద్దరు ముసలివాళ్లుంటే సుసన్న. దూరంగా మేడ మీద రాజుంటే బత్షెబ. జుట్టులో నెలవంక, చుట్టూ వేటకుక్కలుంటే రోమన్ల వేట దేవత డయానా. ఎవరూ లేకుండా చేతిలో ఉత్తరం ఒక్కటే ఉంటే కూడా బత్షెబే కావచ్చు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రెంబ్రాంట్ 1654 బొమ్మ అలాంటిది. బైబిల్లో దావీదు ఆమె కోసం మనుషుల్ని పంపాడని ఉంది కానీ, ఆమెకు ఉత్తరం రాశాడని లేదు. చిత్రకారులు ఆ కబురును ఉత్తరంగా మార్చారు, చూసేవాడికి తెలియాలని. ఆ ఉత్తరం పట్టుకుని ఆమె ఎక్కడో చూస్తూ ఉండిపోయిన తీరు చూస్తే, రాబోయేది ఆమెకు ముందే తెలిసినట్టుంటుంది.

చిత్రకారుడు చదివిన పుస్తకం తెరవండి

నా చేప కుర్రాడు దొరకనిది ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే. మా ఇంట్లో ఉన్న తెలుగు బైబిల్లో 66 పుస్తకాలున్నాయి. ఆదికాండం నుంచి ప్రకటన దాకా వెతికాను, చేప మోస్తున్న కుర్రాడు లేడు. చివరికి ఒక క్యాథలిక్ స్నేహితురాలు బొమ్మ చూసి, "తోబియా కదా" అని, తన బైబిల్ తెరిచి చూపించింది. క్యాథలిక్ బైబిల్లో తోబీతు, యూదితు పుస్తకాలుంటాయి, దానియేలులో సుసన్న కథ ఉంటుంది. ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల్లో ఇవి ఉండవు. యూరప్ చిత్రకారుల్లో క్యాథలిక్కులే కాదు, ప్రొటెస్టెంట్ దేశమైన హాలండ్‌లో ఉన్న రెంబ్రాంట్ కూడా ఈ కథల్ని జీవితమంతా వేస్తూనే ఉన్నాడు. మీ బైబిల్లో కథ లేకపోతే బొమ్మ తప్పని కాదు, ఇంకో బైబిల్ తెరవాలని.

కథ ఇదీ. తోబీతు అనే నీతిమంతుడి కళ్లల్లో పిచుకల రెట్ట పడి చూపు పోయింది. రావలసిన డబ్బు తేవడానికి కొడుకు తోబియాను దూరదేశం పంపాడు. దారి చూపిస్తానని తోడు వచ్చినవాడు నిజానికి రఫాయేలు దూత, ఆ సంగతి కుర్రాడికి తెలియదు. కుక్క కూడా వెంట నడిచింది. నది దగ్గర పెద్ద చేప మీద పడబోతే, పట్టుకోమన్నాడు దూత. ఆ చేప పిత్తరసం తెచ్చి పూస్తేనే తండ్రికి చూపు వచ్చింది. కుక్క, చేప, దూత, కుర్రాడు, నా కాగితం మీద ఉన్నవన్నీ ఒక్కసారిగా కుదిరిపోయాయి.

కథ తెలిశాక మీరు తప్పకుండా చూడాల్సిన ప్రింట్ ఒకటుంది. రెంబ్రాంట్ 1651లో చేసిన గుడ్డి తోబీతు ఎచింగ్. కొడుకు వచ్చిన అలికిడి విని ముసలాయన లేచాడు. కుక్క ముందే పరిగెత్తుకొచ్చి కాళ్లకు అడ్డం పడుతోంది. భార్య నూలు వడికే రాట్నం తగిలి పడిపోయింది. చెయ్యి చాపి తలుపు కోసం వెతుకుతున్నాడు, కానీ ఆ చెయ్యి వెళ్తున్నది తలుపు దగ్గరికి కాదు, పక్కనున్న గోడ మీదికి, తన నీడ దగ్గరికే. ఈ బొమ్మలో కొడుకు లేడు, దూత లేడు. గుర్తుపట్టడానికి కుక్క, రాట్నం, ఆ తడుముకునే చెయ్యి మాత్రమే. వాటితోనే ఆ ఇంటి కష్టమంతా, ఆ తండ్రి ఆత్రమంతా తెలిసిపోతుంది.

అనువాదం కూడా బొమ్మను మారుస్తుంది. రోములో మైకెలాంజెలో చెక్కిన మోషేకు తల మీద కొమ్ములున్నాయి. మన తెలుగు బైబిల్లో మోషే ముఖచర్మం ప్రకాశించిందని ఉంది. హీబ్రూలో ఆ మాటకు కొమ్ము అన్న మాటతో సంబంధం ఉండటంతో లాటిన్ అనువాదంలో కొమ్ములని పడింది. పాత ప్రింట్లలో కొన్నిచోట్ల ఆ కొమ్ములే రెండు కాంతి కిరణాలుగా కనిపిస్తాయి. రాతిపలకలు కనిపించకపోయినా ఆ కిరణాలను బట్టి మోషే అని చెప్పొచ్చు.

ప్రింట్ అయితే కింది అంచు చదవండి

మీ చేతిలో ఉన్నది ప్రింట్ అయితే, బొమ్మ కింద చిన్న రోమన్ అక్షరాలను భూతద్దం పెట్టి చూడండి. సాధారణంగా ఎడమ మూల పేరు తర్వాత "పింక్సిట్" అని ఉంటే అతను అసలు పెయింటింగ్ వేసినవాడు. "ఇన్వెనిట్" అంటే బొమ్మను ఊహించినవాడు. కుడి మూల "స్కల్ప్‌సిట్" అని ఉంటే పలకను చెక్కినవాడు. "ఎక్స్‌కూడిట్" అంటే ప్రచురించినవాడు. ఇవన్నీ లాటిన్ మాటలు, చాలాసార్లు మొదటి మూడు నాలుగు అక్షరాలే వేస్తారు. ఇద్దరి పేర్లు ఉంటే, వెతకాల్సింది పెయింటింగ్ వేసినవాడి పేరుతో.

ఇంకొకటి. పలక మీద చెక్కిన బొమ్మ కాగితం మీద అద్దంలోలాగా తిరగబడుతుంది. పెయింటింగ్ చూసి యథాతథంగా చెక్కితే ప్రింట్‌లో కుడి ఎడమవుతుంది. ఎడమచేత్తో ఆశీర్వదిస్తున్న యేసు, ఎడమచేత్తో కత్తి దూసిన సైనికులు కనబడితే ఫోన్‌లో ఫొటో తీసి, అద్దంలోలాగా కుడి ఎడమలు మార్చి (ఫ్లిప్ చేసి) చూడండి. ఆ తిప్పిన బొమ్మతో వెతికితే అసలు పెయింటింగ్ పోల్చుకోవడం తేలికవుతుంది.

కథల మనుషులైతే క్షణాన్ని పట్టుకోండి

నాటకాల్లో, కావ్యాల్లో మనుషులకు వస్తువు కంటే సన్నివేశం ముఖ్యం. శ్మశానంలో పుర్రె పట్టుకున్న యువకుడు హామ్లెట్ అని అందరికీ తెలుసు. కానీ ఒంటరిగా గుహలో పుర్రె పెట్టుకున్న ముసలాయన జెరోము కావచ్చు, పుర్రె ముందు జుట్టు విరబోసుకున్న స్త్రీ మగ్దలేనే మరియ కావచ్చు. హామ్లెట్ పక్కన సమాధి తవ్వేవాళ్లు, స్నేహితుడు హొరేషియో ఉండాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు డెలాక్రా ఈ సన్నివేశాన్ని పెయింటింగుగానూ లితోగ్రాఫ్‌గానూ (రాతి మీద గీసి అచ్చువేసే ప్రింట్) వేశాడు.

నీళ్లలో వెల్లకిలా తేలుతున్న అమ్మాయి చుట్టూ పువ్వులుంటే అదే హామ్లెట్ నాటకంలోని ఒఫీలియా. లండన్ టేట్ మ్యూజియంలో ఉన్న ఇంగ్లిష్ చిత్రకారుడు మిలే బొమ్మలో, 1851-52లో వేసింది, పువ్వుల్ని ఒక్కొక్కటిగా చూడండి. డెయిజీలు, దురదగొండి మొక్కలు నాటకంలో రాణి చెప్పినవే. ఎర్రటి గసగసాల పువ్వు మాత్రం నాటకంలో లేదు, నిద్రకూ చావుకూ గుర్తుగా చిత్రకారుడు చేర్చాడు. పడవలో స్త్రీ కూర్చుని, ముందు మూడు కొవ్వొత్తుల్లో ఒక్కటే వెలుగుతూ, నేసిన గుడ్డ అంచు నీళ్లలో వేలాడుతుంటే ఇంగ్లిష్ కవి టెనిసన్ పద్యంలోని లేడీ ఆఫ్ షలాట్. వాటర్‌హౌస్ 1888లో వేశాడు.

స్పెయిన్ నవలలోని నాయకుడు డాన్ కిహోటేకి బక్కచిక్కిన గుర్రం, ఈటె, తల మీద మంగలి పళ్లెం, వెనక గాడిద మీద లావుపాటి సాంచో. గుస్తావ్ డోరే 1863లో వేసిన బొమ్మలు చూస్తే చాలు, ఇక మరిచిపోరు. డొమియే వేసిన బొమ్మ ఒకటి మ్యూనిక్‌లో ఉంది. అందులో డాన్ కిహోటేకి కళ్లూ ముక్కూ నోరూ వేయనేలేదు. అయినా అతనే అని దూరంనుంచే తెలుస్తుంది. ముఖం చూసే గుర్తుపట్టగలిగేవాళ్లలో ఇటలీ కవి డాంటే ఒకడు, ఆ వంకీ ముక్కు వల్ల. ఎర్ర బట్టలు కూడా సాయపడతాయి.

పేరును కూడా ఒకసారి అనుమానించండి

మ్యూజియంలో బొమ్మ పక్కన రాసిన పేరు చాలాసార్లు చిత్రకారుడు పెట్టింది కాదు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలోని రెంబ్రాంట్ బొమ్మను యూదు వధువు అంటారు. ఒక పురుషుడు స్త్రీ గుండెల మీద చెయ్యి వేస్తే, ఆమె ఆ చేతిని వేళ్లతో తాకింది. అది 19వ శతాబ్దంలో పడిన పేరు. రెంబ్రాంట్‌దే ఒక డ్రాయింగ్‌లో ఇలాంటి జంటే ఉంది, పైనుంచి ఒక రాజు చూస్తున్నాడు. ఆదికాండం 26లో ఇస్సాకు, రిబ్కాలను అబీమెలెకు కిటికీలోంచి చూసిన కథ అది. పెయింటింగులో రాజు లేడు, జంట మాత్రమే ఉంది. పైగా ఆ రోజుల్లో నిజం దంపతులే బైబిల్ దంపతుల వేషంలో బొమ్మ వేయించుకునేవారు. అందుకే నేను "ఇస్సాకు, రిబ్కాల రూపంలో ఒక జంట" అని రాసుకుంటాను.

ఫోన్‌లో బొమ్మను వెతికితే వచ్చే పేర్లను అలాగే నమ్మకండి. ఆ పేరు పట్టుకుని రైక్స్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్, బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లలో చూడండి. పెద్ద సైజు బొమ్మలు ఉచితంగా చూడొచ్చు, మూలల దాకా జూమ్ చేయొచ్చు. ఐకాన్‌క్లాస్ అనే అంకెల పద్ధతి కూడా ఉంది, లైడెన్ ప్రొఫెసర్ హెన్రీ వాన్ డె వాల్ మొదలుపెట్టింది. 71 పాత నిబంధన, 73 కొత్త నిబంధన, 8 సాహిత్యం, 9 గ్రీకు రోమన్ పురాణాలు. అందులో "చేప, దేవదూత" లాంటి మాటలతో వెతికితే కథ పేరే బయటికొస్తుంది. నాకు మొదట్లోనే తెలిసుంటే ఎంత బాగుండేదో.

చివరి పని రాసుకోవడం. ఏం కనిపించింది, ఏ పుస్తకం ఏ అధ్యాయం, అంచు మీద ఏముంది, ఏది ఖాయం, ఏది అనుమానం. ప్రింట్ మీద పెన్ను పెట్టకండి, సెలోటేప్ అసలే వద్దు. నా ఆబిడ్స్ కాగితాన్ని ఒక కవర్లో పెట్టి, కవర్ మీద పెన్సిల్‌తో రాశాను: "తోబియా, రఫాయేలు దూత, చేప, కుక్క. తోబీతు 6వ అధ్యాయం. చెక్కినవాడు తెలియదు, అంచు లేదు."